మెయిన్ దగ్గర మాటలు

జూలై 3, గురువారం

పెద్దమ్మా,

ఈరోజు పొద్దున్నే మా మాస్టారు ఒక్కొక్కరి చేతిలో ఒక ఎర్ర తాళం పెట్టారు. దానికి ఒకటే చెవి. "ఇది మీ ప్రాణం. ఎంత ప్రేమ ఉన్నా సరే, రెండో మనిషికి ఇవ్వకండి" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నువ్వు గుర్తొచ్చావు.

విషయమేమిటంటే, ఇక్కడ వైరింగు చేసేటప్పుడు మెయిన్ స్విచ్ దగ్గర మనిషిని నిలబెట్టరట. పని చేసేవాళ్ళే స్విచ్ ఆపి, దానికి తమ తాళం వేసుకుని, చెవి జేబులో వేసుకుని నిచ్చెనెక్కుతారు. ఇక ఎవరొచ్చి స్విచ్ వేద్దామన్నా తాళం అడ్డం. మాటా పలుకూ అక్కర్లేదు.

మన పద్ధతి వేరు కదా. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నా ఉద్యోగం మెయిన్ బాక్సు మీద అరచెయ్యి ఆనించి నిలబడి, నోరు మూయకుండా మాట్లాడటం. నా గొంతు వినబడినంతసేపూ కరెంటు లేనట్టు. గొంతు ఆగిందా, నువ్వు నిచ్చెన మీద తీగ వదిలేస్తావు. ఎన్ని ఇళ్ళల్లో, ఎన్ని చీకటి గదుల్లో నీకు ఏమేం చెప్పానో! గోడమీద చెమ్మ మరక ఏ జంతువులా ఉందో, ఇంటివాళ్ళ చెప్పులు చూసి వాళ్ళెలా నడుస్తారో. చెప్పడానికి ఏమీ మిగలకపోతే నిన్న చెప్పిందే ముగింపు మార్చి చెప్పేదాన్ని. పైనుంచి నువ్వు "అబద్ధం!" అని అరిచేదానివి, చేతిలో పని ఆపకుండానే. నాకీ మాటల పిచ్చి పట్టింది అక్కడే అనుకుంటాను.

హాస్టల్లో నా మంచం కిటికీ పక్కన ఉంది. బయట ట్రాన్స్‌ఫార్మరు రోజంతా కూనిరాగం తీస్తుంది. వాన పడుతుంటే ఆ రాగం కొంచెం తడిసినట్టు వినిపిస్తుంది. నిన్న మధ్యాహ్నం క్లాసులో కునుకు పట్టి ఒక కల వచ్చింది. నేను తీగలోపల నడుస్తున్నాను. రాగి గోడలు, వెచ్చటి నేల, దూరంగా ఎవరో దీపం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎంత నడిచినా ఆ దీపం అంతే దూరంలో ఉంది. అయినా విసుగు రాలేదు.

ఇక అసలు సంగతి. ఆగస్టు రెండో తేదీ లోపల రెండో ఏడాదికి పేరు రాయించుకోవాలి. మొదటి ఏడాదితో ఆపేస్తే హెల్పరు కాగితం ఇస్తారు. రెండో ఏడాది కూడా చదివితే టెక్నీషియన్ సర్టిఫికెట్. అప్పుడు మన వైరింగు కింద మన సంతకమే చెల్లుతుంది. నువ్వు చేసిన పనికి తన పేరు రాసుకుని సగం పట్టుకుపోయే ఆ కాంట్రాక్టరు, మన సంతకాలాయన, గుమ్మంలో మనం నిలబడే పని తప్పుతుంది. కానీ అది ఇంకో ఏడాది. అమ్మ మిల్లులో ఇంకో ఏడాది రాత్రి షిఫ్టు. నువ్వు ఇంకో ఏడాది ఒంటరిగా కొట్లో. తూకం వేస్తుంటే ముల్లు నిలవట్లేదు. నువ్వేమంటావు?

నీకోసం కూడా ఒక తాళం కొని విడిగా పార్సిల్ చేశాను. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" తప్ప ఏమీ అనవు గనక ఉత్తరమే రాయి.

రాగితీగ వాసన ఇక్కడా అలాగే ఉందని చెబుతూ,
నీ మిణుగురు

*

జూలై 9

ఏమే మిణుగురూ,

నీ పార్సిల్ నిన్న వచ్చింది. ఉత్తరం లేదు, చీటీ లేదు. డబ్బా విప్పితే తాళం. అటు తిప్పాను, ఇటు తిప్పాను, డబ్బా బోర్లించి దులిపాను. "ఇంతేనా?" అని పోస్టుమాన్‌ని అడిగితే "తాళంతో పాటు కబుర్లు కూడా రావాలా అమ్మా?" అని వెళ్ళిపోయాడు.

అర్థమైందిలే. చదువుకున్న పిల్లవి, నోటితో అనలేనిది తాళంతో అన్నావు. కొట్టు కట్టేయమనేగా? నిజమే, ఫ్యాన్లకి చుట్లు చుట్టుకునే దానికి ఎందుకొచ్చిన కొట్టు. నువ్వు పెద్ద కంపెనీలో చేరతావు, మీ పెద్దమ్మ ఏం చేస్తుందని ఎవరన్నా అడిగితే చెప్పుకోడానికి చిన్నతనం. కానీ ఇలా పోస్టులో చెప్పాలటే? ఎదురుగా వచ్చి చెబితే నేనేమన్నా కరుస్తానా? కరిచేదాన్నేలే. అయినా రావాల్సింది.

నువ్వు వస్తావని కౌంటరు పక్కన నీకో బల్ల చేయించాను. నీలం రంగు వేయించాను. ఇంకా ఆరలేదు. ఆరాక ఏం చెయ్యాలో చూస్తాను. టైలరు అడుగుతున్నాడు, ఇస్త్రీకి బావుంటుందట.

ఇప్పుడు మెయిన్ దగ్గర ఆ టైలరే నిలబడుతున్నాడు. పక్క కొట్టు, పిలిస్తే పలుకుతాడు. మాటలకి కరువు లేదు మహానుభావుడికి. మొన్న రెండు గదుల వైరింగు అయ్యేదాకా ఒకే ఒక్క పెళ్ళికొడుకు కోటు గురించి చెప్పాడు. నీ కబుర్లే నయమనిపించింది.

తాళం వృథా పోలేదు. సైకిలుకి వేశాను. బాగానే పనిచేస్తోంది.

ఇంకేం రాయను,
పెద్దమ్మ

*

జూలై 14

పెద్దమ్మా, పెద్దమ్మా,

నా ఉత్తరం నీకు చేరలేదా! పార్సిల్‌తో పాటే, అదే కిటికీలో, అదే గంటలో ఇచ్చాను. తాళం ముందు పరుగెత్తిందన్నమాట. నీ ఉత్తరం మెస్‌లో చదివాను. పోస్టుమాన్ దగ్గరికొచ్చేసరికి ఫక్కున నవ్వాను, బల్ల దగ్గరికొచ్చేసరికి కంచం ముందు తలొంచుకున్నాను. పక్కనున్న అమ్మాయి "కూరలో కారం ఎక్కువైందా?" అంది. ఔనన్నాను.

కొట్టు కట్టేయమని నేనంటానా? నా చిన్నతనమంతా ఆ కొట్లో ఉంటే, నాకు చిన్నతనమేమిటి! ఆ తాళం మెయిన్‌కి వేసుకోడానికి. అది వేసుకుంటే ఇక నేను నిలబడి వాగక్కర్లేదు. మనిషి మర్చిపోతాడు, తాళం మర్చిపోదు. నాకన్నా నమ్మకమైంది. సైకిలుది తీసి దానికి వెయ్యి, నీకు పుణ్యముంటుంది.

ఇక తూకం సంగతి. నిరుడు సర్టిఫికెట్ తీసుకున్న ఒక అక్క నిన్న ఇక్కడికి వచ్చింది. లిఫ్టుల కంపెనీలో పనిచేస్తోంది. చుట్టూ మూగాం. "లిఫ్టులు బాగుచేస్తావా అక్కా?" అంటే, "ఎక్కడ! లిఫ్టు ఆగిపోయింది బాబోయ్ అని ఫోన్లు వచ్చేవి, మొన్నటిదాకా కంగారు పడకండి అని చెప్పడమే నా పని" అంది. చేరిన ఆర్నెల్లదాకా స్క్రూడ్రైవరు ముట్టుకోనివ్వలేదట. అడగ్గా అడగ్గా కుర్చీలోంచి లేపి పోయిన నెలే మోటారు గదిలోకి పంపారట. "కాగితం తలుపు దాకా తీసుకెళుతుంది. తట్టేది మనమే" అంది. ఆమె చేతిగోళ్ళ కింద గ్రీజు చూసి నాకు అసూయ వేసింది.

చదువులో కొత్త మాటలు దొరుకుతున్నాయి. నిరోధం. ప్రవాహం. ఏ తీగైనా కరెంటుకి కొంచెమైనా ఎదురు చెబుతుందట, ఎదురు చెప్పిన చోటే వేడి పుడుతుందట. నీతో పోట్లాడిన ప్రతిసారీ నాకు అలాగే ఉండేది.

సాయంత్రాలు ఇక్కడి వీధిదీపాలు అన్నీ ఒకేసారి వెలగవు. ఒకటి వెలిగి, పక్కదాన్ని లేపినట్టు, మెల్లగా వరసపెట్టి వెలుగుతాయి. నేను కిటికీలోంచి చూస్తూ నీ ఉత్తరానికి జవాబు మనసులో రాసుకుంటాను. కాగితం మీదకి వచ్చేసరికి సగం ఆరిపోతుంది.

నువ్వు రమ్మంటే వస్తాను. ఉండమంటే ఉంటాను. కానీ నువ్వే చెప్పాలి, బల్ల చేత చెప్పించకు.

నీ
మిణుగురు

*

జూలై 20

చిరంజీవికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయ కుశలోపరి. నీ ఉత్తరములు రెండునూ చేరినవి. తాళము సంగతి తెలిసినది, సంతోషము. నీవు రెండవ సంవత్సరము తప్పక చేరవలెను. ఇప్పుడిప్పుడే ఇచ్చటికి రావలదు. ఇచ్చట పని కొంచెము తగ్గించుకొంటిమి. అందరమూ క్షేమము. వానలు బాగుగా ఉన్నవి. నీ ఆరోగ్యము జాగ్రత్త.

ఇట్లు,
పెద్దమ్మ

*

జూలై 25

పెద్దమ్మకి,

ఉభయ కుశలోపరి అంటే ఇద్దరమూ క్షేమమే అని. నువ్వేనాడైనా నాకు ఆ మాట రాశావా? ఆ గుండ్రటి అక్షరాలు టైలర్ బాబాయివి. జాకెట్టు కొలతల చీటీల మీద చూస్తూనే పెరిగాను. నాకు నాలుగు ముక్కలు నీ చేత్తో రాయడానికి కూడా మనసు రాలేదన్నమాట. "రావలదు" అట! బయటివాళ్ళ చేత "రావలదు" అని రాయించావు.

అమ్మకి ఫోన్ చేశాను. షిఫ్టు దిగి అప్పుడే పడుకున్నట్టుంది. "అంతా బాగానే ఉంది తల్లీ, నిద్రొస్తోంది" అని పెట్టేసింది. నువ్వు తిట్టావనో, తిట్టలేదనో ఒక్క ముక్క చెప్పలేదు. మీ అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకటే.

తాళం నాకన్నా నమ్మకమైందని రాశాను. ఆ మాట నిన్ను గుచ్చిందని ఇప్పుడు అర్థమవుతోంది. నీకు ఆ రోజుల్లో కావలసింది మెయిన్‌కి కాపలా ఒక్కటే కాదేమో. రోజంతా ఎవరో ఒకరు పక్కన మాట్లాడుతూ ఉండటమేమో. నేను దాని బదులు ఒక ఇనప ముక్క పంపాను.

నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. వాన ఆగి ఆగి పడుతోంది. వర్క్‌షాపులో అందరూ వెళ్ళిపోయాక ఒక్కదాన్నే కూర్చుని మోటారుకి చుట్లు చుడుతుంటే, ఎన్ని చుట్టానో మర్చిపోయి మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఒకవైపు ఒక కాగితం, దాని మీద నా పేరు, దాని చివర ఎవరికి తెలుసు, ఫోను పట్టుకుని కంగారు పడకండి అని చెప్పే కుర్చీ. రెండోవైపు నువ్వు, అమ్మ, నీలం బల్ల. పని నాకు వచ్చు. నువ్వు నేర్పిందే వచ్చు. ఆ కాగితం లేకుండా నువ్వు ఇన్నాళ్ళు బతకలేదా? మన వీధిలో దీపాలు వెలగలేదా?

అందుకని రెండో ఏడాది చేరను. రెండో తేదీ దాటిపోగానే పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. బల్ల టైలర్ బాబాయికి ఇచ్చేసి ఉంటే తిరిగి అడుగు.

కోపం తగ్గకపోయినా సరే, వస్తున్న
నీ మిణుగురు

*

జూలై 28

మిణుగురూ,

అక్షరాలు కాకిగీతల్లా ఉంటే అవి ఎడమచేతివి. చదువుకో. చదవలేనివి ఊహించుకో, నీకు అది బాగా వచ్చు.

కోపం కాదే పిచ్చిదానా. కుడిచెయ్యి.

పదిహేనో తేదీన వీధి చివర కొత్త మేడలో పని. నేను నిచ్చెన మీదున్నాను, టైలరు మెయిన్ దగ్గర. ఏదో లంగా అంచు గురించి చెబుతున్నాడు, వింటూ తీగలు కలుపుతున్నాను. ఇంతలో వీధిలోంచి ఎవరో చొక్కా తెచ్చారట, చెయ్యి బిగుతైందని. ఈయన మాట ఆపకుండానే బయటికి నడిచి, వాళ్ళ భుజం కొలుస్తూ అదే ధాటిగా మాట్లాడుతున్నాడు. ఇంట్లోవాళ్ళు నీళ్ళ మోటారు కోసం వచ్చి, ఎవరూ లేరుకదా అని స్విచ్ పైకెత్తారు.

నాకు గొంతు వినబడుతూనే ఉందే! అదే కదా మన లెక్క. గొంతు ఉంది, మెయిన్ మీద చెయ్యి లేదు. ఇన్నేళ్ళలో అలా ఒకటి జరగొచ్చని నాకు తట్టనే లేదు. నువ్వు మాట్లాడినప్పుడు ఎప్పుడూ చెయ్యి తియ్యలేదు గనక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నాకు అక్షరాలా అయింది. అరచెయ్యి కాలింది, కిందపడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. వేళ్ళు కదులుతున్నాయి, కంగారు పడకు. మీ లిఫ్టు పిల్ల చెప్పినట్టు చెబుతున్నాను చూడు.

నీకు చెప్పొద్దని మీ అమ్మ చేత ఒట్టు వేయించాను. దాన్ని తిట్టకు. టైలరు చేత ఉత్తరం రాయించాను. "ఇప్పుడొచ్చి నన్నిలా చూడకు" అని రాయవయ్యా అన్నాను. ఆయన "రావలదు" అని రాశాడు. కొలత తీసుకున్నాడంటే గుడ్డ అంత కత్తిరిస్తాడు మరి! అన్నం సహించట్లేదు ఆయనకి. రోజూ వచ్చి నా కట్టు వంక చూసి, "నా నోరు కుట్టేసుకోవాలి" అని వెళుతున్నాడు. ఏమీ అనకు. నిలబెట్టింది నేను.

ఇప్పుడు అసలు మాట. నీ తూకం నువ్వు వేశావుగా, నాది విను.

నేను పడ్డ మూడో రోజు సంతకాలాయన వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. వైద్యం ఖర్చు ఆ మేడవాళ్ళ చేత ఇప్పిస్తావా అని మీ అమ్మ అడిగింది. ఆయన చాలా మర్యాదగా, "చూడమ్మా, ఆ మేడ కాగితాల్లో పని చేస్తున్నది నేను. మీ అక్కగారు అక్కడ లేరు" అన్నాడు. నేను మంచం మీద ఉన్నాను. వింటున్నాను. పని నాది, నిచ్చెన నాది, దెబ్బ నాది. కాగితంలో మాత్రం నేను లేను. ఆయన అబద్ధం కూడా చెప్పలేదే, అదీ నా బాధ.

ఆయన వెళ్ళాక కళ్ళు మూసుకుని నేను వైరింగు చేసిన ఇళ్ళన్నీ గుర్తు తెచ్చుకున్నాను. మేడలు, పాకలు, బడి, మీ అమ్మ పురుడు పోసుకున్న ఆస్పత్రి గది. ఒక్కొక్క ఇంట్లోకీ వెళ్ళి దీపం వేసి చూస్తున్నాను. అన్నీ వెలుగుతున్నాయి. ఏ ఇంట్లోనూ నేను లేను. మందు మత్తేమో. అయినా తెల్లారేదాకా పోలేదు ఆ తిరుగుడు.

పని వస్తే చాలు, కాగితమెందుకని నీకు నేర్పింది నేనే. నువ్వు నా మాటే నాకు తిప్పి రాశావు. "ఇన్నాళ్ళు బతకలేదా" అని. బతికాను. ఇంకొకరి పేరు మీద బతికాను.

సర్టిఫికెట్ వస్తే బంగారం పండుతుందని నేననను. నీకు కుర్చీయే రావచ్చు. ఫోనే రావచ్చు. దానికి పోసేది కూడా నీ ఏడాది ఒక్కటే కాదు, మీ అమ్మ నిద్ర, నా ఒంటరితనం. అవి మావి, మేం ఇస్తున్నాం. నువ్వు మా మీద జాలిపడి వద్దంటే మాకు ఇవ్వడానికి ఏం మిగుల్తుంది చెప్పు? ఒకటి మాత్రం ఖాయం. రేపు నువ్వు వెలిగించిన ఇంట్లో నువ్వు ఉంటావు. ఖర్మకాలి దెబ్బ తగిలినా నీ పేరుతో తగుల్తుంది.

కట్టు విప్పేదాకా నిచ్చెన ఎక్కను. బల్ల దగ్గర కూర్చుని ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు చూస్తాను. టైలరు స్క్రూలు బిగిస్తాడు, నేను తిడతాను. ఇద్దరికీ కాలక్షేపం.

నీ తాళం ఇక్కడి మెయిన్ బాక్సుల్లో బుల్లి స్విచ్చులకి పట్టదే. నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రం మీ అమ్మ పెట్టి చూసింది.

ఇంక చెయ్యి లాగుతోంది. రెండో తేదీ. మర్చిపోకు.

పెద్దమ్మ

*

ఆగస్టు 1, శుక్రవారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. మొదటిసారి అక్షరాలు చూశాను, రెండోసారి చదివాను. వర్క్‌షాపు మెట్ల మీద కూర్చున్నాను. అందరూ నన్ను దాటుకుంటూ వెళుతున్నారు. ఎవరి గొంతూ చెవిలోకి దిగలేదు. నువ్వు పడుతున్నప్పుడు నేనెక్కడున్నానా అని ఆలోచిస్తే, ఆ వేళకి ఈ మెట్ల మీదే, వీధిదీపాల గురించి ఎవరికో అందంగా చెబుతూ ఉండి ఉంటాను.

అందమైన మాటలు రాసుకుంటూ కూర్చున్నానని సిగ్గేసింది. తర్వాత మళ్ళీ నీ ఉత్తరం చదివితే, ఇళ్ళన్నీ తిరిగి దీపాలు వేసి చూసిన చోట, నా ఉత్తరాలన్నిట్లో కలిపి అంత మంచి ముక్క ఒక్కటి లేదు. కాబట్టి సిగ్గు పక్కన పెట్టాను.

మొదట వెంటనే బయల్దేరాలనిపించింది. పెట్టె కూడా తీశాను. సగం బట్టలు సర్దాక ఆగాను. నేను ఇప్పుడు చదువు మానేసి వస్తే ఏమవుతుంది? నీ నిచ్చెన నేనెక్కుతాను. సంతకాలాయన నా పని కింద కూడా సంతకం పెడతాడు. ఒకరోజు నేను పడితే, ఆయన నాకూ పళ్ళు తెస్తాడు. నువ్వు ఆ మంచం పక్కన కూర్చుని అవే మాటలు మళ్ళీ వింటావు. అంతవరకూ ఊహించి, బట్టలు తీసి మళ్ళీ మేకుకి తగిలించాను.

నేను పెద్ద త్యాగం చేస్తున్నాననుకున్నాను పెద్దమ్మా. ఎంత తేలికో అది! వదిలేయడం తేలిక. మీ ఇద్దరి దగ్గర ఒక ఏడాది తీసుకుని, తీసుకున్నానని తెలిసి, తల వంచుకోకుండా చదవడం కష్టం. పొద్దుట్నుంచి దాన్నే మోసి చూస్తున్నాను. బరువుగానే ఉంది. కానీ పట్టుకోవచ్చు.

మాస్టారిని అడిగాను. ఆ బుల్లి స్విచ్చులకి విడిగా ఒక క్లిప్పు ఉంటుందట, దాని మీద తాళం పడుతుందట. "ఈ సంగతి తాళం పంపక ముందు కదా అడగాలి" అన్నారు. ఏడాది చదువుకి నాకు వచ్చిన మార్కు అది. క్లిప్పులు రెండు ఇచ్చారు. అలాగే, దెబ్బ తగిలినవాళ్ళు పని చేసినట్టు చూసిన సాక్షులుంటే కార్మికుల ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చట. కాగితంలో లేకపోయినా. గెలుస్తామో లేదో చెప్పలేనన్నారు. టైలర్ బాబాయి సాక్ష్యం చెబుతాడా? నోరు కుట్టేసుకోవద్దని చెప్పు, ఇప్పుడే దానితో పనుంది.

రేపు శనివారం, ఎల్లుండి ఆదివారం. రెండు రోజులు వచ్చి నీ చెయ్యి చూసి, నీ జుట్టు దువ్వి, నువ్వు ఎడమచేత్తో చేస్తున్న రిపేర్లన్నీ విప్పి సరిచేసి, ఆదివారం రాత్రి బస్సుకి తిరిగొచ్చేస్తాను. వద్దనడానికి నీకు వీల్లేదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నేను వచ్చి వెళ్ళిపోయి కూడా ఉంటాను. అయినా రాస్తున్నాను. ఎదురుగా నిలబడితే నేను నీ కట్టు వంక చూస్తూ ఏడుస్తాను, నువ్వు "ఊ" అంటావు, ఇవేవీ బయటికి రావు.

ఇప్పుడు వాన వెలిసింది. మేడ మీద ఎవరో తడి దుప్పటి దులుపుతున్నారు, చప్పుడు మెత్తగా వస్తోంది. ఇక పడుకోవాలి. పేరు రాసుకునే కిటికీ రేపు పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు, చివరి రోజు గనక వరస పెద్దదే ఉంటుంది. నేను ఎనిమిదింటికే వెళ్ళి ముందు నిలబడతాను. కాగితం నింపి, నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, తీరిగ్గా రాసి, అక్కణ్ణుంచి నేరుగా పది గంటల బస్సు ఎక్కుతాను.

నీ
మిణుగురు